భౌతికశాస్త్రం చదవాలనుకునే అమ్మాయికి కళాశాలల జాబితా: పది పేర్లు రాసుకున్నాం, చాలవా?

కావలి ఆక్వా | జనవరి 4, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఇంజనీరింగ్ వద్దని, భౌతికశాస్త్రమే చదువుతానని ఏడాదిగా చెబుతోంది. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నప్పుడల్లా మేడ ఎక్కి దక్షిణం వైపు చూడటం మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. 2024 డిసెంబరు 30 రాత్రి స్పేడెక్స్ జంట ఉపగ్రహాలతో పీఎస్‌ఎల్‌వీ లేచినప్పుడు ఆ వెలుగు కనుమరుగయ్యేదాకా తను మేడ మీద నుంచి కదలలేదు. ఆ మాట గట్టిగా అనడం ఆ తర్వాతనే మొదలైంది.

నేను రొయ్యల మేత, మందుల దుకాణం నడుపుతున్నాను. మా ఇంట్లో ఇలాంటి చదువుల గురించి చెప్పగలిగినవారు లేరు కాబట్టి అమ్మాయీ నేనూ కూర్చుని తెలిసినంతలో ఒక జాబితా రాసుకున్నాం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్సీ, తిరుపతి, పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, బరంపురం ఐసర్లు (విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలు), భువనేశ్వర్ దగ్గరి అలాంటి మరో సంస్థ నైసర్, తిరువనంతపురంలోని అంతరిక్ష విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌టీ. మొత్తం పది. మొదటి సంవత్సరంలో 470కి 448 మార్కులు వచ్చాయి. జేఈఈ నమూనా పరీక్షల్లో మాత్రం మధ్యస్థంగా ఉంటోంది. పది చోట్ల ప్రయత్నిస్తే ఎక్కడో ఒకచోట సీటు రాకపోదని నా నమ్మకం. ఇది సరైన ఆలోచనేనా? మా ఆదాయం చెరువుల మీద ఆధారపడినది. తెల్లమచ్చ తెగులు తగిలిన పంటకాలంలో బాకీలు చేతికి రావు. అందుచేత ఖర్చు సంగతి కూడా పెద్దలు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, నెల్లూరు | జనవరి 5, ఉదయం 6.35

మీరూ అమ్మాయీ కలిసి కూర్చుని రాసుకున్నారన్న మాట చదివి చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. తండ్రి ఒక్కడే రాసిన జాబితాలే ఎక్కువగా చూశాను.

అయితే మీరు రాసినవి పది పేర్లే గాని పది అవకాశాలు కావు. ఏడు ఐసర్లకూ కలిపి ఐఏటీ అనే ఒకే ప్రవేశ పరీక్ష ఉంది. ఐఐఎస్సీ కూడా తన నాలుగేళ్ల బీఎస్ కోర్సుకు ఆ పరీక్ష మార్కులను పరిగణిస్తుంది. నైసర్‌కు నెస్ట్ అనే వేరే పరీక్ష రాయాలి. ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి, అడ్వాన్స్‌డ్ రాయాలంటే ముందు మెయిన్‌లో దాదాపు మొదటి రెండున్నర లక్షల మందిలో నిలవాలి. అంటే మీ జాబితాలో ఉన్నవి మూడు ద్వారాలు. ఐఏటీ నాటి ఉదయం అమ్మాయికి జ్వరం వస్తే ఏడు ఐసర్ల పేర్లూ ఒక్కసారే చెరిగిపోతాయి. మన దేశంలో దరఖాస్తుల సమతూకాన్ని కళాశాలల పేర్లతో కాకుండా పరీక్షలతో లెక్కించాలని నేను మా పిల్లలకు ఎప్పుడూ చెప్పేవాడిని.

రెండో లోటు ఇంకా పెద్దది. ఈ మూడు ద్వారాలూ ఎత్తైనవే. ప్రవేశ పరీక్ష ఎలా రాసినా ఇంటర్ మార్కులతోనే దొరికే సీటు మీ జాబితాలో ఒక్కటీ లేదు. పైన ఎన్ని పేర్లు పెట్టినా నష్టం లేదు, కింద ఏముందన్నదే ముఖ్యం. జూలైలో అన్ని ఫలితాలూ వచ్చేశాక, అప్పటికప్పుడు దొరికిన కళాశాలలో ఏడుస్తూ చేరిన పిల్లలను నేను చాలామందిని చూశాను. వారిలో చాలామంది తెలివైనవారే.

జాబితా సంగతి తర్వాత చూద్దాం. ముందు అమ్మాయిని ఒక మాట అడిగి చెప్పండి. తనను లాగుతున్నది రాకెట్టా, లేక రాకెట్టు మోసుకుపోయేదా? రాకెట్టు అయితే అది ఇంజనీరింగ్. పైకి వెళ్లిన పరికరం ఏమి చూస్తుంది, ఎందుకు చూస్తుంది అన్నదైతే అది భౌతికశాస్త్రం. ఈ రెండింటికీ జాబితాలు వేరు.

దర్శి ఇంజనీరు | జనవరి 5, మధ్యాహ్నం 1.20

మాస్టారి మాటకు అడ్డు చెప్పడం నా ఉద్దేశం కాదు. అయినా ఒక మధ్యతరగతి తండ్రి ముందు ఈ విషయం కూడా ఉండాలి. ఇస్రో తన శాస్త్రవేత్త/ఇంజనీరు ఉద్యోగాలకు పెద్ద సంఖ్యలో తీసుకునేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ బీటెక్ చదివినవారినే. శాస్త్రపరిశోధన మార్గంలో బీఎస్-ఎంఎస్‌కు ఐదేళ్లు, పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు పడతాయి. అమ్మాయి జీతం ఇంటికి తెచ్చేసరికి ఇరవై తొమ్మిది, ముప్పై ఏళ్లు వస్తాయి. చెరువుల మీద ఆధారపడిన కుటుంబం అంతకాలం ఆగగలదా అన్నది ఆలోచించాలి. ఈఏపీసెట్ రాయించి, మంచి కళాశాలలో ఎలక్ట్రానిక్స్ సీటును జాబితా అడుగున ఉంచండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే ఖర్చు కూడా తగ్గుతుంది.

సింగరాయకొండ విద్యార్థిని, తిరుపతి ఐసర్ | జనవరి 5, రాత్రి 10.45

నమస్కారం అంకుల్. నేను తిరుపతి ఐసర్‌లో మూడో సంవత్సరంలో ఉన్నాను. మా ప్రాంగణం ఏర్పేడు దగ్గర ఉంది. నెల్లూరు నుంచి గూడూరు మీదుగా వెంకటగిరి, శ్రీకాళహస్తి దాటి రేణిగుంటకు వెళ్లే రైలు దారిలోనే వస్తుంది కాబట్టి మీకు దగ్గరే. ఐఏటీ గురించి నేను అనుభవించి తెలుసుకున్నది రాస్తాను, ఎందుకంటే నాకు అప్పట్లో ఇది ఎవరూ చెప్పలేదు.

పరీక్షలో 60 ప్రశ్నలు, 240 మార్కులు, మూడు గంటల సమయం. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం ఒక్కొక్కదానికి 15 ప్రశ్నలు. సరైన సమాధానానికి 4 మార్కులు ఇస్తారు, తప్పుకు ఒకటి తీసేస్తారు. నాలుగు విభాగాలూ లెక్కలోకి వస్తాయి. మన ఇంటర్ మాత్రం పిల్లలను ఎంపీసీ, బైపీసీ అని రెండుగా విడదీసింది. ఎంపీసీ పిల్లలు పదో తరగతి తర్వాత జీవశాస్త్రం పుస్తకం తెరవరు. అంటే 240లో 60 మార్కులు, పావు భాగం, హాలులో అడుగు పెట్టకముందే పోయినట్టే. నేను మొదటిసారి రాసినప్పుడు అలాగే పోగొట్టుకున్నాను. మిగిలిన మూడింటిలో బాగానే చేసినా సీటు రాలేదు.

ఆ ఏడాది ఒంగోలులో డిగ్రీ ఫిజిక్స్‌లో చేరాను. మా అమ్మ పట్టుబట్టి ఆ కళాశాల పేరును ముందుగానే జాబితాలో రాయించింది. అందువల్ల ఆ జూలైలో మా ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. పొద్దున కళాశాలకు వెళ్లి, సాయంత్రం పదకొండు, పన్నెండు తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం పుస్తకాలు చదివాను. ముందటి ఏడాది ఇంటర్ పూర్తిచేసినవారికి కూడా అర్హత ఉంటుంది కాబట్టి మళ్లీ రాశాను. జీవశాస్త్రంలో తెలిసినవి మాత్రమే పెట్టి తక్కినవి వదిలేశాను. ఎనిమిది ప్రశ్నలు సరిగ్గా పెట్టగలిగినా అవి 32 మార్కులు. ఆ తేడాతోనే సీటు వచ్చింది.

మీ అమ్మాయికి ఇంకా ఐదు నెలల సమయం ఉంది. కణం, జన్యుశాస్త్రం, మానవ శరీరధర్మం, జీవావరణం చదివితే చాలావరకు నిలబడవచ్చు. మొత్తం చదవలేకపోతే జన్యుశాస్త్రంతో మొదలుపెట్టమనండి. లెక్కలు వచ్చినవారికి అది త్వరగా పట్టుబడుతుంది.

కావలి ఆక్వా | జనవరి 7, రాత్రి 8.30

మాస్టారు అడిగిన ప్రశ్న ఫోనులో అమ్మాయిని అడిగాను. కాసేపు ఆగి ఇలా చెప్పింది: "రాకెట్టు చూడటానికి బాగుంటుంది నాన్నా, కాని అది వెళ్లిపోయాక ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఉంటుంది." సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు ఉంటే, దానికి పైన ఉండే కరోనా పది లక్షల డిగ్రీలు దాటి ఎందుకు వేడెక్కుతుందో ఇంకా పూర్తిగా తేలలేదట. పొయ్యికి దూరం జరిగేకొద్దీ వేడి తగ్గాలి గదా అని నన్నే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

జీవశాస్త్రం సంగతి కూడా చెప్పాను. తను వాళ్ల కళాశాలలో అడిగితే, జేఈఈ ముందు అది కాలం వృథా చేయడమని, ఐఏటీ అనే పరీక్షకు తాము ఎవరినీ సిద్ధం చేయడం లేదని చెప్పారట. హాస్టల్‌లో ఉదయం ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర వరకు గంటలన్నీ వారి చేతిలోనే ఉంటాయి. ఏమి చేయాలో తోచడం లేదు.

విశ్రాంత అధ్యాపకుడు, నెల్లూరు | జనవరి 8, ఉదయం 6.20

కరోనా ప్రశ్న అడిగిన పిల్లకు ఏ జాబితా వేయాలో ఇక సందేహం లేదు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1లో ఆ కరోనాను చూడటానికే వీఈఎల్‌సీ అనే పరికరం ఉంది. దాన్ని రూపొందించింది బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ. అక్కడ పరిశోధన చేసేవారు భౌతికశాస్త్రం చదివి వెళ్లినవారు. ఈ సంగతి అమ్మాయికి తప్పక చెప్పండి.

దర్శి మిత్రులు చెప్పిన దానిలో సగం నేను అంగీకరిస్తాను. ఇస్రో ఉద్యోగాల విషయం నిజం, పీహెచ్‌డీకి పట్టే కాలం కూడా నిజం. దాచిపెట్టి పిల్లలను ఈ దారిలో పంపకూడదు. పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ వస్తుంది కాబట్టి ఆ ఐదేళ్లూ తండ్రి మీద భారం పడదన్నది కూడా అంతే నిజం. ఇక ఎలక్ట్రానిక్స్ సీటును అడుగున ఉంచాలన్న సలహా. అడుగున ఉంచే సీటుకు రెండు లక్షణాలు ఉండాలి. ఒకటి, అది తప్పక దొరకాలి. రెండు, అదే దొరికితే పిల్ల ఇష్టంగా వెళ్లాలి. మొదటిది మాత్రమే ఉండి రెండోది లేని సీటును భద్రమైన సీటు అనకూడదు. ఇంజనీరింగ్ ఇష్టంలేక చేరి, రెండో సంవత్సరంలో సబ్జెక్టులు మిగుల్చుకుని నా దగ్గరకు వచ్చిన పిల్లలు ఉన్నారు. తను ఎలక్ట్రానిక్స్ కూడా ఇష్టంగా చదువుతానంటే పెట్టండి, ఆక్షేపణ లేదు. ఐఐఎస్‌టీ కూడా ప్రధానంగా బీటెక్ కళాశాలేనని గుర్తుంచుకోండి. అక్కడ తనకు తగినది ఇంజనీరింగ్ ఫిజిక్స్‌తో మొదలయ్యే ఐదేళ్ల ద్వంద్వ డిగ్రీ.

హాస్టల్ విషయం: జీవశాస్త్రానికి రోజూ గంట దొరకదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు అయ్యాక మాత్రం ఐఏటీ వరకు రెండు నెలలకు పైగా ఉంటుంది. జేఈఈ మెయిన్ రెండో విడత తర్వాత ఇంటికి తీసుకురండి. అప్పటిదాకా ఆదివారం గంట చాలు.

ఆత్మకూరు పరిశోధకుడు | జనవరి 8, రాత్రి 11.05

నేను హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ చేసి, ఇప్పుడు పరిశోధనలో ఉన్నాను. మాస్టారు చెప్పిన పద్ధతిలోనే ఇంకొన్ని ద్వారాలు చూపిస్తాను.

నేను చేరినప్పుడు మా విశ్వవిద్యాలయానికి సొంత ప్రవేశ పరీక్ష ఉండేది. 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటున్నారు. ఆ ఒక్క పరీక్షతోనే పుదుచ్చేరి, తిరువారూరులోని తమిళనాడు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఢిల్లీ విశ్వవిద్యాలయపు కళాశాలలు కూడా అందుబాటులోకి వస్తాయి. ప్రశ్నలు పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ స్థాయిలో ఉంటాయి, జేఈఈకి చదివిన పిల్లలకు విషయం కొత్తగా అనిపించదు. ఒక జాగ్రత్త: ఏ కోర్సుకు ఏ సబ్జెక్టులు రాయాలో ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో విధంగా నిర్ణయిస్తుంది. దరఖాస్తు పెట్టేటప్పుడే చూసుకోకపోతే, మంచి మార్కులు వచ్చినా అర్హత లేదంటారు. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలతో పాటు ఇంగ్లీషు కూడా పెట్టించండి. నాతో ఉన్న ఒక జూనియర్ భాషా పరీక్ష వదిలేసి ఢిల్లీ అవకాశం పోగొట్టుకున్నాడు.

అమ్మాయికి గణితం అంటే ప్రత్యేకమైన ఇష్టం ఉంటే చెన్నై పక్కన సిరుసేరిలోని చెన్నై గణితశాస్త్ర సంస్థను మరచిపోకండి. అక్కడ గణితం, భౌతికశాస్త్రం కలిపి బీఎస్సీ ఆనర్స్ ఉంది. ప్రవేశ పరీక్ష పూర్తిగా గణితమే. అది జేఈఈ వేగంతో రాసేది కాదు, నిరూపణలు రాయాలి. పాత ప్రశ్నపత్రాలు ఒక ఆదివారం తన ముందు పెట్టి చూడండి. ఆకలి మరచి కూర్చుంటే దరఖాస్తు పెట్టండి, విసుగు పుడితే వదిలేయండి.

నెస్ట్ గురించి రెండు మాటలు. నైసర్‌తో పాటు ముంబై విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న మౌలిక విజ్ఞానశాస్త్రాల కేంద్రం సీఈబీఎస్‌కూ అదే పరీక్ష. నాలుగు విభాగాలలో మెరుగైన మూడింటి మార్కులు లెక్కిస్తారు కాబట్టి, జీవశాస్త్రం రాని ఎంపీసీ పిల్లలకు ఐఏటీ కంటే నెస్ట్ అనుకూలం. నైసర్ ఉన్న జట్నీ పక్కనే ఖుర్దా రోడ్ జంక్షన్ ఉంది, మన కావలి మీదుగా పోయే హౌరా మార్గంలోనే.

ఒంగోలు అమ్మ | జనవరి 9, మధ్యాహ్నం 3.15

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా అబ్బాయిది బైపీసీ. నీట్ తప్ప మరో మాట మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. పోయిన వారం వాడే నా దగ్గరకు వచ్చి, డాక్టరు కావాలని తనకు లేదని, చేపలు, నీళ్లు, మొక్కల గురించి చదవాలని ఉందని చెప్పాడు. వాళ్ల నాన్నగారికి ఇంకా చెప్పలేదు. జాబితాలో ఏమేమి ఉండవచ్చో తెలిస్తే ఆయనకు చూపించి మాట్లాడగలుగుతాను.

కావలి ఆక్వా | జనవరి 9, సాయంత్రం 6.40

అమ్మా, ఈ విషయంలో నేను కొంత చెప్పగలను. మన నెల్లూరు జిల్లా ముత్తుకూరులోనే మత్స్యశాస్త్ర కళాశాల ఉంది, 1991 నుంచి నడుస్తోంది. నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ కోర్సు. అక్కడ చదివిన పిల్లలు హేచరీలలో, మేత కంపెనీలలో, మత్స్యశాఖలో పనిచేయడం నా కళ్లతో చూస్తున్నాను. రొయ్యకు ఏ జబ్బు వచ్చిందో తెలియక రైతులు చేతికి దొరికిన మందు చల్లే చోట, నీటి నమూనా తీసి పరీక్షించి చెప్పే మనిషికి ఎంత విలువ ఉందో నాకు తెలుసు. మా దుకాణానికి వచ్చే సాంకేతిక సలహాదారు ముత్తుకూరులో చదివినవాడే. అతని మాట మీద రైతులు లక్షల రూపాయల పంట నిలబెట్టుకున్నారు.

ఆత్మకూరు పరిశోధకుడు | జనవరి 9, రాత్రి 10.20

అమ్మా, ముత్తుకూరుకూ, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్సీ అగ్రికల్చర్‌కూ, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయానికీ ఈఏపీసెట్ బైపీసీ విభాగం ర్యాంకు కావాలి. దేశంలోని ఇతర వ్యవసాయ, మత్స్య కళాశాలల్లో అఖిల భారత కోటా సీట్లకు సీయూఈటీ మార్కులు చూస్తారు. ఐఏటీకి కూడా పెట్టించండి. అక్కడ మీవాడికి ఎదురయ్యే ఇబ్బంది గణితం. నీట్ మానిపించమని నేను చెప్పను. చదువుతున్న పాఠాలు ఎలాగూ అవే. జాబితాలో నీట్ కూడా ఒక ద్వారంగా ఉందని చూపిస్తే వాళ్ల నాన్నగారు తక్కినవి ప్రశాంతంగా వింటారు.

వార్డు సచివాలయ ఉద్యోగి, కోవూరు | జనవరి 10, రాత్రి 9.00

సీట్లు పోయేది మార్కులు లేకనే కాదు, కాగితాలు లేక కూడా. ప్రతి జూన్‌లో మా కౌంటర్ ముందు కళ్లనీళ్లతో నిలబడే తల్లిదండ్రులను చూస్తున్నాను కాబట్టి ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

కేంద్ర సంస్థలలో ఓబీసీ వాటా 27 శాతం, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వాటా 10 శాతం. ఈ రెండు ధ్రువపత్రాలకూ ఆర్థిక సంవత్సరంతో సంబంధం ఉంది. ఏప్రిల్ 1 తర్వాత కొత్తగా ఇచ్చినది కావాలని సాధారణంగా అడుగుతారు. నిరుడు తీసుకున్నది పెట్టి నిశ్చింతగా ఉండకండి. మనం రాష్ట్రంలో వాడే కులధ్రువపత్రం వేరు, కేంద్రం నమూనాలో ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరు. దరఖాస్తు చేసేటప్పుడే కేంద్ర నమూనా కావాలని చెప్పాలి. రాష్ట్రంలోని బీసీ జాబితా, కేంద్రంలోని ఓబీసీ జాబితా పూర్తిగా ఒకటి కావు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. అక్కడ లేకపోతే అమ్మాయి జనరల్‌లో పోటీపడాలి, అప్పుడు జాబితాలో ఏది పైన, ఏది మధ్యన అన్న అంచనా అంతా మారుతుంది.

ఇంకొకటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే ఇప్పుడే సరిచేయించండి. జనవరిలో ఇది తీరికగా అయ్యే పని, జూన్‌లో నిద్ర పట్టనివ్వదు.

సింగరాయకొండ విద్యార్థిని, తిరుపతి ఐసర్ | జనవరి 11, సాయంత్రం 5.30

డబ్బు విషయం ఎవరూ ఇంకా వివరంగా చెప్పలేదు కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను. ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో ఉండి మౌలిక విజ్ఞానశాస్త్రాలు చదివేవారికి కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ ఉపకార వేతనం ఏటా 80,000 రూపాయలు. అందులో 60,000 చేతికి ఇచ్చేది, 20,000 వేసవి పరిశోధనకు. దీన్ని స్థానిక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ చదివేవారూ పొందవచ్చునన్న సంగతి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు. నైసర్, సీఈబీఎస్‌లలో అణుశక్తి విభాగం దిశ పేరుతో అదే స్థాయిలో ఇస్తుంది. అయితే ఉపకార వేతనం చేతికి అందడం ఆలస్యం కావచ్చు. మొదటి సంవత్సరం ఫీజు, హాస్టల్ ఖర్చు మన దగ్గర ఉన్నాయా అన్నది చూసుకునే జాబితా రాయాలి. మా నాన్న మొదటి రెండు సెమిస్టర్లకు బ్యాంకులో విద్యారుణం తీసుకున్నారు. ఆ పని సీటు వచ్చాక కాకుండా ముందే మాట్లాడి పెట్టుకున్నారు.

విశ్రాంత అధ్యాపకుడు, నెల్లూరు | జనవరి 12, ఉదయం 6.50

ఇప్పుడు అడుగు వరుస. దీని మీద నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తల్లిదండ్రులు తక్కువ ఆలోచించేది ఇక్కడే.

ఇంటర్ మార్కుల మీద సీటు ఇచ్చేవి మీకు మూడు వైపులా ఉన్నాయి. దక్షిణాన చెన్నైలో మద్రాస్ క్రిస్టియన్ కళాశాల (తాంబరం), ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాల వంటివి. ఉత్తరాన విజయవాడలో ఆంధ్ర లయోలా. ఇంటి దగ్గర కావలి జవహర్ భారతి, నెల్లూరు దొడ్ల కౌసల్యమ్మ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల. మన రాష్ట్రంలోని డిగ్రీ సీట్లకు ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ విధానంలో ఐచ్ఛికాలు వరుసగా ఇవ్వాలి. చెన్నై కళాశాలలు మాత్రం ఎవరికి వారే దరఖాస్తులు తీసుకుంటాయి, త్వరగా మూసేస్తాయి కూడా. ఐఏటీ ఫలితం చూసి వెళ్దామనుకుంటే అప్పటికి తలుపులు మూసి ఉంటాయి.

డిగ్రీ కళాశాలను పేరు చూసి రాయకండి, వెళ్లి చూడండి. రాష్ట్రంలో 2023-24 నుంచి ఒక సబ్జెక్టును ప్రధానంగా ఎంచుకునే మేజర్ విధానం వచ్చాక, నాకు తెలిసిన ఒక కళాశాలలో ఫిజిక్స్ మేజర్‌లో చేరినవారు మరీ తక్కువైతే తరగతి నడపలేమని చెప్పి పిల్లలను కంప్యూటర్స్‌కు మారమన్నారు. కాబట్టి నిరుడు ఫిజిక్స్ మేజర్‌లో ఎంతమంది చేరారు, ఇప్పుడు రెండో సంవత్సరంలో ఎంతమంది మిగిలారు అని అడగండి. అధ్యాపకులలో శాశ్వత ఉద్యోగులు ఎందరు అని అడగండి. ప్రయోగశాల తలుపు తీయించి లోపలికి వెళ్లండి. స్పెక్ట్రోమీటర్ల మీద దుమ్ము ఉందా, పిల్లల వేళ్ల గుర్తులు ఉన్నాయా అన్నది మీకే కనిపిస్తుంది. దానికి భౌతికశాస్త్రం తెలియనక్కరలేదు.

ఇక్కడ చేరడం అంటే దారి మూసుకుపోవడం కాదని అమ్మాయికి చెప్పాలి. బీఎస్సీ తర్వాత జామ్ అనే పరీక్ష రాసి ఐఐటీల ఎంఎస్సీకి, ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. చదువుతుండగానే భారతీయ విజ్ఞాన అకాడమీల వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. జిల్లా కళాశాలలో బీఎస్సీ చదివి ఆ ఫెలోషిప్ మీద రెండు నెలలు బెంగళూరులో పనిచేసి వచ్చిన నా శిష్యురాలు ఒకరు ఉన్నారు. తిరిగి వచ్చాక తను నన్ను అడిగిన ప్రశ్నలకు నేను పుస్తకాలు తీయవలసి వచ్చింది. ఉపాధ్యాయ వృత్తి మీద ఇష్టం ఉన్న పిల్లలకు మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థలో నాలుగేళ్ల బీఎస్సీ-బీఈడీ కూడా మంచిదే.

దర్శి ఇంజనీరు | జనవరి 12, రాత్రి 9.45

మాస్టారూ, మీ వివరణ చదివాక నా సలహాలో కొంత మార్చుకుంటున్నాను. జామ్ మార్గం సంగతి నాకు తెలియదు. అమ్మాయికి ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం లేకపోతే ఆ సీటును బలవంతంగా జాబితాలో పెట్టవద్దు. ఈఏపీసెట్ రాయడం వరకు రాయనివ్వండి. ఒక చిన్న సాయం చేయగలను: నేను చెన్నైలోనే ఉంటున్నాను, తాంబరం దగ్గర. అమ్మాయినీ మిమ్మల్నీ ఒకరోజు రమ్మంటే సిరుసేరి, తాంబరం రెండు ప్రాంగణాలూ చూపిస్తాను.

కావలి ఆక్వా | జనవరి 18, రాత్రి 9.25

సంక్రాంతికి అమ్మాయి ఇంటికి వచ్చింది. పాత కాగితం పక్కన పెట్టి కొత్తది రాశాం. ఈసారి పేర్లు కాకుండా పరీక్షలు రాశాం. పైన ఐఏటీ, జేఈఈ అడ్వాన్స్‌డ్ ఉన్నాయి. వాటి కింద నెస్ట్. మధ్యలో సీయూఈటీ, అందులో మొదటి కోరిక హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. సిరుసేరి ప్రశ్నపత్రం భోగి నాడు ముందు పెట్టాను. మూడు గంటలు లేవలేదు, రెండు లెక్కలు పూర్తిచేసింది, మూడోది పండగ రోజు కూడా వదల్లేదు. కాబట్టి అదీ రాశాం. అడుగున తాంబరం, దొడ్ల కౌసల్యమ్మ కళాశాల, జవహర్ భారతి. ఐసర్లలో ఏది ముందని అడిగితే తిరుపతి అంది, పుణె కాదా అంటే, అక్కడి ప్రయోగశాలలు చూసి చెబుతానంది.

కనుమ మరుసటి రోజు జవహర్ భారతికి వెళ్లాం. ఫిజిక్స్ ప్రయోగశాల తలుపు తీసి చూపించమని అడిగాను. అక్కడి మేడమ్ అమ్మాయితో గంటసేపు మాట్లాడారు. బయటికి వచ్చాక, ఐఏటీ రాకపోతే ఇక్కడ చేరినా సంతోషమేనని తనే చెప్పింది. ఆ మాట తన నోటితో విన్నాక నాకు గుండె బరువు తగ్గింది. మా కులం కేంద్ర జాబితాలో ఉందని కోవూరు మిత్రులు చెప్పినట్టుగా చూసి నిర్ధారించుకున్నాను. ఏప్రిల్ మొదటి వారంలో పత్రానికి పెడతాను. దర్శి మిత్రులకు నమస్కారాలు, పబ్లిక్ పరీక్షల తర్వాత తప్పక వస్తాం.

ఒంగోలు అమ్మ | జనవరి 19, మధ్యాహ్నం 2.10

మీరందరూ రాసినవి వాళ్ల నాన్నగారికి చదివి వినిపించాను. నీట్ రాస్తాడు గదా అని రెండుసార్లు అడిగి, రాస్తాడని చెప్పాక, ముత్తుకూరు ఎక్కడ ఉందని అడిగారు. అబ్బాయి ఒకసారి ఆ కళాశాల చూడాలంటున్నాడు. అక్కడ మాకు తెలిసినవారు ఎవరూ లేరు.

కావలి ఆక్వా | జనవరి 19, రాత్రి 8.00

అమ్మా, వచ్చే శనివారం మేత లోడుతో నేను ముత్తుకూరు వైపే వెళ్తున్నాను. బాబును, వీలైతే వాళ్ల నాన్నగారిని కూడా ఉదయం తొమ్మిదికి నెల్లూరు ఆర్టీసీ బస్టాండుకు రమ్మనండి. నేను చెప్పిన ఆ సాంకేతిక సలహాదారును కూడా పిలుస్తాను. కళాశాల చూశాక దారిలో ఒక హేచరీలో ఆపుతాను, పిల్లవాడు రొయ్య పిల్లలను దగ్గర నుంచి చూస్తాడు.